పసుపు పంట ఫైల్లో అప్పారావు గారి స్కూటీ

చిన్న విషయమే, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మొన్న కాలేజీలో నా కంప్యూటర్ ల్యాబ్ గంట పోయినంత పనైంది.

అయితే ముందు మా పిల్లల సంగతి చెప్పాలి. నర్సీపట్నంలో డిగ్రీ చదివే పిల్లలంత మర్యాదస్తులు ఎక్కడా ఉండరు. ఒకే షేర్ ఆటోలో ఇరుక్కుని వస్తారు, ఒకే క్యారేజీలో చెయ్యి పెట్టి తింటారు. కానీ ఒకరు రాసినదాంట్లో ఇంకొకరు అక్షరం ముట్టుకోరు. నా పనేమో, అందరూ ఒకే ఫైలు ఆన్‌లైన్‌లో తెరిచి, కలిసి రాసి, ఒకరిది ఒకరు దిద్దుకోవడం నేర్పడం.

రావికమతం రాంబాబు, కృష్ణదేవిపేట దేవి, ఏజెన్సీ కొండల నుంచి వచ్చే చిన్నమ్మి ఒక గ్రూపు. పసుపు పంట మీద ప్రాజెక్టు. రాంబాబు పసుపుకొమ్ముల్ని చెట్టుకి కాయించాడు. ఇంట్లో పసుపు పండించే చిన్నమ్మి అది చదివి ఊరుకుంది.

"దిద్దవేమ్మా?" అన్నాను.

"అన్న రాసేసినాడు కదండి మేడమ్. మనం సెరిపితే ఏటనుకుంటాడు?"

ఈ మర్యాద ప్రిన్సిపాల్ గారి చెవిన పడింది. "మధ్యాహ్నం ఆ ఫైలు నేనూ తెరిచి చూస్తాను. కలిసి పనిచేసినట్టు కనిపించకపోతే ఆ గంట లెక్కల సార్‌కి ఇచ్చేస్తాను" అన్నారు. లెక్కల సార్ అప్పటికే వచ్చి మా ల్యాబ్‌లో ఏ ఫ్యాను బాగా తిరుగుతుందో చూసుకుని వెళ్లారు.

నెమ్మదిగా టైపు చేసే దేవి కోసం, నా లాప్‌టాప్‌లో వాళ్ల ఫైలే తెరిచి, మాట్లాడితే అదే రాసుకునే మైకు బటన్ నొక్కి చూపించాను. ఎలా ఆపాలో చూపించలేదు. ఆపనూ లేదు. అలాగే లాప్‌టాప్ పట్టుకుని స్టాఫ్ రూంకి వెళ్లి, బోటనీ కుమారి గారి పక్కన క్యారేజీ విప్పాను.

నేను నోరు మూసుకుని తినే మనిషిని కాను. కామర్స్ అప్పారావు గారు కొత్త స్కూటీ కొని, భయం కొద్దీ దాన్ని కాలేజీ దాకా చేత్తో నడిపించుకుంటూ వస్తున్నారని చెప్పాను. ప్రిన్సిపాల్ గారు స్వీట్లు మానేశానని ఇంట్లో ఒట్టేసి, ఆఫీసు బీరువాలో బెల్లం జీళ్లు దాస్తున్నారనీ చెప్పాను. కుమారి గారు "ఊరుకోండి, నిజమేనా?" అన్నారు. ఆ మాట కూడా ఫైల్లోకి వెళ్లింది.

ల్యాబ్‌కి తిరిగొస్తే ముగ్గురూ తలెత్తకుండా టైపు కొడుతున్నారు. గుమ్మంలోనే నిలబడి మురిసిపోయాను. తర్వాత తెర చూశాను.

పసుపు పంట కింద అప్పారావు గారు ఉన్నారు. "నడిపించుకుంటూ" అన్న నా మాట కొట్టేసి, రాంబాబు "సార్ వెనక కూర్చుంటారు, వాళ్లావిడ నడుపుతారు" అని పెట్టాడు. దేవి అది తీసేసి "వాళ్లావిడ కాదు, వాళ్లమ్మాయి" అని రాసింది. చిన్నమ్మి పేరాలు విడదీసి, పైన "రవాణా" అని శీర్షిక పెట్టింది.

"ఏటర్రా ఇది?"

"మీరే కదండి దిద్దమన్నారు," అన్నాడు రాంబాబు.

"పసుపు దిద్దమన్నాను."

"పసుపు తప్పయితే మార్కులే పోతాయండి. ఇది తప్పయితే ఊరంతా పాకిపోద్ది కదండి."

"బేగి చెరపండి" అన్నాను. అప్పటికే తెర మీద ఇంకో పేరు వెలిగింది. ప్రిన్సిపాల్ గారిది. ముగ్గురూ చేతులు ఒళ్లో పెట్టేసుకున్నారు. పెద్దవాళ్లు చదువుతుండగా చెరపడం మర్యాద కాదట.

ఆయన కర్సర్ పసుపు దాటింది, స్కూటీ దాటింది, జీళ్ల దగ్గర ఆగింది. కాసేపటికి "బీరువాలో" అన్న మాట పోయి, "టేబుల్ సొరుగులో" అని వచ్చింది.

ల్యాబ్ గంట నాకే ఉంచారు.