పాలారు ఇసుకలో ఒక చెంబు నీళ్ళు

మీవాళ్ళు ఆశగా అడిగిన చిన్న కోరికను "ఇంకోసారి చూద్దాం" అంటూ ఎన్నాళ్ళు తోసేస్తారు? నన్ను పాలారు ఏటి దారి పట్టించింది ఈ ప్రశ్నే. బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో, గని కార్మికుల పాత లైను ఇంట్లో మా అక్క ఉంటుంది. మోకాళ్ళు పట్టేసి గడప దాటడం మానేసింది. ఊరూరా ప్రసంగాలు చెప్పే నేను మొన్న మా వాకిట్లో ప్రసంగం ముగించి గ్రంథం మూస్తుంటే అన్నది: "లోకానికంతా చెప్తావు గదరా, నాకు పాలారు చెలమ నీళ్ళు ఒక చెంబు తెచ్చియ్యి. అమ్మ ఇసుకలో గుంట తీసి తోడి పోస్తా ఉండె గదా, ఆ నీళ్ళు."

మరునాడు పొద్దున్నే రాబర్ట్‌సన్‌పేటలో బేతమంగళం బస్సెక్కాను. టికెట్టు ముప్పై రూపాయల లోపే, ప్రయాణం అరగంట పైచిలుకు. అక్కడి చెరువు కట్ట దిగి ఏటి వెంబడి దిగువకు నడిస్తే లోయ మెల్లగా విచ్చుకుంటుంది. ఒకపక్క రాగి చేలు, ఇంకోపక్క మామిడి తోపులు, నడుమ నీళ్ళు నడిచిపోయిన తెల్లటి ఇసుక దారి. దప్పిక తీర్చడమే పూజ అని గొంతెత్తి చెప్పుకుంటూ ఏటి నడిమధ్యన మోచేతి లోతు తవ్వాను. చుక్క లేదు.

గట్టు మీద ఆవును మేపుతున్న మునెమ్మ అనే ఆవిడ పకపకా నవ్వింది. "యాడ తవ్వుతా ఉండావు సామీ? దేవుడికి ఇసుక నైవేద్యమా? ఆ వంపులో, మొగిలి పొద కింద తవ్వు. మొదట ఊరింది రెండుసార్లు తోడి పారెయ్యాల. ఇంగ తేరేదాకా నోరు మూసుకొని కూచోవాల."

"నోరెందుకమ్మా మూసుకోవాల?"

"మా అత్త అట్లనే చెప్పింది. నీ గొంతుకైతే గట్టే కూలతాది!"

గ్రంథం ఒళ్ళో పెట్టుకుని, పెదవి కదపకుండా కూర్చున్నాను. బురద మెల్లగా తేరింది. అడుగున ఇసుక రేణువులు మెరిశాయి. అమ్మ గాజుల చెయ్యి ఆ గుంటలోకి దిగుతుందేమోనని చాలాసేపు చూశాను.

సాయంత్రం నేను నింపి తెచ్చిన చెంబులోంచి అక్క ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. "నీళ్ళు అవేరా. ఆ ఇసుక చల్లదనం యాడ తెస్తావు? నన్నే తోడుకొని పో."

దాహం గురించి ఇన్నేళ్ళు ప్రసంగించాను. అక్క దాహం చెంబులో పట్టేది కాదని ఆ పూటే తెలిసింది. వెళ్ళేవాళ్ళు వడగట్టడానికి పలుచటి గుడ్డ తీసుకెళ్ళండి, తెచ్చిన నీళ్ళు కాచి తాగండి. ఎండలు ముదిరితే ఆ వంపులో ఊట కూడా ఇంకిపోతుందట. ఏటికి పోవడానికి మా వాకిట్లో ఆటో ఆగింది, అక్క గోడ పట్టుకుని గడప దాటి, నాకన్నా ముందే ఎక్కి కేకేస్తోంది. రేపు అనకండి. లేవండి, మీవాళ్ళ చెయ్యి పట్టుకుని ఈరోజే బయల్దేరండి!