ఏసీ వేయని పాటల మాస్టారు

"అక్కా, పాటల సారు పొద్దుగాల దవాఖానల పానం ఇడిసిండు," అన్నాడు మా బిల్డింగ్ వాచ్‌మన్, జగిత్యాల మనిషి. లిఫ్టు దగ్గర నిలబడి అంతే చెప్పి తల దించుకున్నాడు. ఆ రోజు నేను ఆఫీసుకు వెళ్లలేకపోయాను.

మాస్టారు ఫ్రాన్సు దేశస్థులు. ఒపేరాలో, అంటే మొదటినుంచి చివరిదాకా పాటలతోనే నడిచే నాటకాల్లో, నాయకుడి వేషాలు కట్టిన టెనర్, అంటే మగగొంతుల్లో హెచ్చుస్థాయిలో పాడే గాయకుడు. "రోజూ ప్రేమించేవాణ్ణి, రోజూ చచ్చిపోయేవాణ్ణి, ఆ తర్వాతే భోజనం," అని నవ్వేవారు. ఒకరోజు నిండు సభలో పైస్వరం దగ్గర గొంతు పగిలింది. మళ్లీ వేదిక ఎక్కలేదు. దుబాయ్ వచ్చి ఒక పాటల బడిలో పాఠాలు చెప్పుకున్నారు. కరోనాకి ఆ పాటల బడి మూతపడ్డాక, పక్కనే షార్జాలో, రోలా అనే పేటలో, మా పై ఫ్లాటుకి చేరారు.

కరోనా నన్నూ వదల్లేదు. తగ్గాక కూడా మంగళహారతి పాట సగంలోనే ఆయాసంతో ఆగిపోయేది. అది విని ఆయనే వచ్చి తలుపు తట్టారు. "గొంతు బాగానే ఉంది. ఊపిరికే తొందరెక్కువ. రేపటినుంచి పైకి రా," అన్నారు ఇంగ్లీషులో. ఇంటికొచ్చినవాళ్లకి ఇక్కడ అందరం ఇచ్చినట్టే ఐసు నీళ్లిచ్చాను. తేలును చూసినట్టు వెనక్కి జరిగారు. మిరియాల చారు ఇస్తే మాత్రం గ్లాసు ఖాళీ చేసి, అప్పటినుంచి రోజూ అడిగి తాగేవారు.

చల్లగాలి గొంతుకు శత్రువట. మండుటెండల్లోనూ ఏసీ వేయక, కిటికీలు బార్లా తెరిచి, మెడకు మఫ్లరు చుట్టుకుని పాఠం చెప్పేవారు. నేను చెమటతో ముద్దయ్యేదాన్ని.

"మాస్టారూ, ఇది షార్జా."

"గొంతుకి ఆ సంగతి తెలియదు. ఊపిరంతా ఖర్చుపెట్టకు, కొంచెం మిగుల్చుకో."

ఆయన పాట ఒక్కసారి వినాలని నాకు ఎంతో ఆశ. అడిగితే, "పాడేవాడు ఆ వేదిక మీదే ఉండిపోయాడు," అనేవారు. కానీ నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే, తెరిచిన ఆ కిటికీలోంచి సన్నగా పాట వినిపించేది. ప్రతిసారీ పైస్వరం ముందు ఆగిపోయేది.

ఆసుపత్రికి వెళ్లే ముందు సాయంత్రం కూడా అక్కడే ఆగింది. ఏమనుకున్నానో, ఆ స్వరం నేనందుకున్నాను. పై కిటికీలోంచి మాస్టారు తొంగిచూశారు.

"ఊపిరి మిగిలిందా?" అని అడిగారు.

"మిగిలింది మాస్టారూ," అన్నాను.

అవే మా చివరి మాటలు. నాకు ఊపిరి తిరిగిచ్చిన మనిషికి నేనివ్వగలిగింది ఆ ఒక్క స్వరమే. అది తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

పై ఫ్లాటులోకి ఇప్పుడు వేరే కుటుంబం వచ్చింది. ఈ ఎండలకి పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు? మొన్న బట్టలు ఆరేస్తుంటే పైనుంచి ఏసీ నీళ్లు నా భుజం మీద పడ్డాయి. ఇన్నేళ్లలో అక్కడినుంచి ఒక్క చుక్క పడటం ఎరగను. తలెత్తి చూశాను. కిటికీలు మూసి ఉన్నాయి.