ఏటిగట్టు మట్టి

మా అత్తకు ఈత వచ్చు. మామిడి తోటల్లో కూలికి వెళ్ళే ఆడవాళ్ళలో ఈత వచ్చింది ఆమె ఒక్కదానికే. మా నాన్నకు అక్క. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే మా ఇంటికి తిరిగి వచ్చేసింది. నేను చెప్పేది పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తలో సంగతి. అప్పటికి నాకు పదకొండేళ్ళు.

మా ఊరు నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారికి లోపలగా, ఏటి ఒడ్డున ఉండేది. ఊరికీ ఏటికీ మధ్య నాలుగెకరాల పోరంబోకు. ఎవరిదీ కాదు కనుక అందరం మాదే అనుకునేవాళ్ళం. కాయ కోతల రోజుల్లో పని అయ్యాక, ఒంటికి అంటిన మామిడి సొన కడుక్కోవడానికి అక్కడికే పోయేవాళ్ళం. మగవాళ్ళు ఇసుకలో చెడుగుడు ఆడేవారు. వేసవిలోనూ ఎండని మడుగు ఒకటుండేది. అత్త ఆడపిల్లల నడుములకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి అందులోకి దింపేది.

“బిగుసుకుపోతావేంటే? ఒళ్ళు వదిలెయ్, నీళ్ళే మోస్తాయి,” అనేది.

ఆ ఏడే వరదకు ఏటిగట్టు కోసుకుపోయింది. అత్త పదిమంది ఆడవాళ్ళను కూడగట్టి, రోజూ పనికి పోయేముందు రెల్లు దుబ్బులు నాటించింది. వాటి వెనక కానుగ మొక్కలు పెట్టి, పశువులు తొక్కకుండా తుమ్మకంప కట్టారు. మూడేళ్ళకు గట్టు నిలిచింది.

అప్పుడు పంచాయతీ ప్రెసిడెంటు ఆ నేలను మట్టి తవ్వుకోమని ఇటుకబట్టీ వాళ్ళకు ఇచ్చేశాడు.

అత్తా, ఇంకో ఆరుగురు ఆడవాళ్ళూ పని మానుకుని నూజివీడు తాలూకా ఆఫీసుకు నడిచారు. అర్జీ రాసింది నేనే కనుక నన్నూ వెంట తీసుకెళ్ళారు. గుమాస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మీకు పట్టా ఉందా?”

“లేదండీ. అది అందరిదీనండీ.”

“అందరిదీ అంటే సర్కారుది. ఎవరికైనా ఇచ్చుకుంటుంది. మధ్యలో మీకేంటి నష్టం?”

“గట్టు పోద్దండీ. పిల్లలు ఆడుకునే చోటండీ అది,” అంది అత్త.

అక్కడున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. అత్త తల వంచుకుంది. ఆమె తల వంచుకోవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

వేసవి అంతా తవ్వారు. రెల్లు దుబ్బులను, కానుగలను వేళ్ళతో సహా పెరికి పక్కన పారేశారు. గట్టు ఉన్నచోట రెండు నిలువుల లోతు గొయ్యి మిగిలింది. మొదటి వానలకే అందులోకి ఏటి నీరు చేరింది.

ఒక మధ్యాహ్నం బట్టీ పనివాళ్ళ పిల్ల, నాలుగేళ్ళది, ఆ గోతిలోకి జారిపోయింది. వాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి పనికొచ్చినవాళ్ళు. తల్లి కేక విని అత్త పరుగున వెళ్ళి దూకింది. ఆమె వెనకే నేనూ పరిగెత్తాను. అత్త పిల్లను పైకెత్తి తల్లి చేతికి అందించింది. తర్వాత తను పైకి రావడానికి అంచు పట్టుకుంది. నేను చెయ్యి చాచాను. వేళ్ళు తగిలాయి. అంతలో నానిన అంచు విరిగి ఆమె మీద కూలింది.

సాయంత్రానికి మగవాళ్ళు మట్టి తోడి అత్తను బయటికి తీశారు.

ప్రెసిడెంటు వచ్చి చూశాడు. “ఈత వచ్చినామె మునగడమేంటయ్యా?” అన్నాడు. మా నాన్న చేతులకంటిన మట్టి దులుపుకుంటూ ఉండిపోయాడు.

మూడో రోజు పొద్దున ఆ పిల్ల తల్లి వచ్చి మా గుమ్మం ముందు కూర్చుంది. ఒళ్ళో పిల్ల. అమ్మ లోపలికి రమ్మనలేకపోయింది, పొమ్మననూ లేకపోయింది. ఎండ నెత్తి మీదికొచ్చాక గిన్నెలో గంజి తెచ్చి పిల్ల ముందు పెట్టింది. అది తాగుతున్నంతసేపూ దాన్నే చూస్తూ నిలబడింది.

మరుసటి ఏడు మంచుకు మామిడి పూత మాడిపోయింది. తోటల్లో పని లేదు. నాన్న ఆ బట్టీకే మట్టి తవ్వడానికి కుదిరాడు. మొదటిరోజు అన్నం మూట కడుతూ అమ్మ ముడి మీద ముడి వేసింది.

“అంచుకు దూరంగా ఉంటాలే,” అన్నాడు నాన్న, పలుగు భుజాన వేసుకుంటూ.