కబ్ద్ బాట మీద నిలిచిన గురి

మొన్న శుక్రవారం జుమా నమాజు అయ్యాక, నేను కారు నడిపే ఇంటి మనవడు కువైట్‌లోని ఎగైలా మాల్‌లో వేటసామాన్ల కొట్టు ముందు ఆగి, గాజు అరలోని రైఫిల్ స్కోపుల్ని కొన్నవాళ్ళు ఫోనులో వాటికి ఇచ్చిన నక్షత్రాలతో పోల్చుకుంటూ, పెద్ద జంతువుల వేటకు ఏది మేలని నన్నడిగి, జవాబు చెప్పేలోపే నాకసలు ఆ అరలోనివి కనబడుతున్నాయా అని నవ్వాడు. ఆ నవ్వుతో అతని తాత, మేమంతా బాబా అని పిలిచే నా మొదటి యజమాని, కళ్ళ ముందు నిలిచాడు.

నేను రాయచోటి నుంచి కువైట్‌కు వచ్చింది మీసాలు సరిగా రాని వయసులో. బాబా తెల్లవారుజామున ఫజర్ నమాజు తర్వాత ఖుర్ఆన్ చదివి గానీ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. కొన్నేళ్ళకొకసారి, కావలసిన అనుమతులన్నీ తీసుకుని, ఆఫ్రికాకు పెద్ద దుప్పుల వేటకు వెళ్ళేవాడు. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు అల్లాహ్ పేరు పలకాలనీ, ఒక్క దెబ్బకే జంతువు పడాలనీ, గాయంతో పారిపోయి ఎక్కడో విలవిల్లాడి చస్తే ఆ బాధ మన మెడకు చుట్టుకుంటుందనీ ఆయన నియమం. ఊళ్ళో మసీదు చాప మీద కూర్చోబెట్టి, కత్తి పదును పెట్టకుండా జంతువు దగ్గరికి పోరాదని మాకు ఖుర్ఆన్ చెప్పే హజ్రత్ నేర్పగా పెరిగినవాణ్ణి కాబట్టి, అరబ్బీ సరిగా రాని ఆ రోజుల్లోనే ఆ ఇల్లు నాకు పరాయిదనిపించలేదు.

ఒక ఏడు బాబా ఆఖరి వేటకు సిద్ధమయ్యాడు. తండ్రికి చూపు తగ్గిందని పెద్దకొడుక్కి బెంగ. చివరికి బాబా తానే మాట ఇచ్చాడు: తుపాకీ సాధన చేసే రేంజ్‌లో గురి తప్పితే విమానం ఎక్కను, రైఫిల్ మళ్ళీ ముట్టను అని. ఆయనకు ఆ ప్రయాణం ఎంత ముఖ్యమో ఇంట్లో అందరికీ తెలుసు.

కువైట్ సిటీలో పాత సూక్ బజారు పక్కన వేటసామాన్ల కొట్టులో మా రాయచోటి అన్న ఒకాయన అమ్మకాలు చూసేవాడు. పెద్దకొడుకు అన్నింటికంటే దగ్గరగా చూపించే, లోపల ఎర్రచుక్క వెలిగే ఖరీదైన స్కోపు ఎంచుకున్నాడు. అన్న నా చెవిలో గొణిగాడు.

“అంత పెద్దది యాలప్పా? దుప్పి వెంట్రుకలు లెక్కబెడతాడా ఏంది?”

“ఆ మాట ఆయనకే చెప్పన్నా.”

“చెప్తా. రేపట్నించి నా జీతం నువ్విస్తావా?”

కొత్త స్కోపు ఏదైనా సరే, ఎడారిలో కబ్ద్ దగ్గరి రేంజ్‌లో గురి సరిచేసుకున్నాక, రైఫిల్ ఖాళీ చేసి పెట్టెలో పెట్టి, అలలు అలలుగా గట్టిపడిన ఇసుక బాట మీద జీపులో బాగా కుదిపి తెచ్చి మళ్ళీ కాల్చి చూడడం బాబా అలవాటు. అడవిలో రోజంతా జీపు కుదుపులే కదా అనేవాడు. ఆ రోజు ముందు కాల్చినవన్నీ నడిమధ్యన తగిలాయి. నేను జీపు తోలి తెచ్చాక మాత్రం గుండు జానెడు ఎడమకు పోయింది. మళ్ళీ కాల్చాడు, మళ్ళీ అక్కడే. కొడుకు నేలచూపులు చూశాడు. బాబా కళ్ళద్దాలు తీసి, తలగుడ్డ కొంగుతో తుడుచుకుని, రైఫిల్‌ను బల్ల మీద పెట్టి, ఖలాస్ అన్నాడు. వయసు మీదపడిందనే నేనూ అనుకుని, అటు తిరిగి మనసులో దువా చేసుకున్నాను.

నీడలో కుర్చీ వేసుకుని ఫ్లాస్కులోంచి టీ పోస్తున్న మామా, అంటే బాబా భార్య, తలెత్తకుండానే కొడుకుతో అంది.

“యల్లా, కానివ్వు, నువ్వు కాల్చు చూద్దాం. నీవి కుర్ర కళ్ళు కదా!”

కొడుకు కాల్చాడు. రంధ్రం తండ్రి రంధ్రాల పక్కనే పడింది.

“అయ్యో, నా కొడుక్కీ ముసలితనం వచ్చేసిందే! వీడికీ ప్రయాణం వద్దు!”

బాబా నవ్విన నవ్వుకు చేతిలోని టీ ఒలికిపోయింది. చూస్తే స్కోపు బిగించిన మరలన్నీ గట్టిగానే ఉన్నాయి. కుదుపులకు కదిలింది స్కోపు లోపలి అద్దమే.

మర్నాడు దాన్ని తిరిగి ఇచ్చేస్తే, అన్న కింది అరలోంచి నల్లగా, మొద్దుగా ఉన్న ఒకటి తీశాడు. ఒకే లోహపు ముక్కతో చేసిన గొట్టం, మసక వెలుతురులోనూ కనబడే లావు గీతలు, దుమ్మూ తేమా చొరబడని బిగింపు, రైఫిల్ వెనక్కి తన్నినా కనుబొమకు తగలనంత ఎడం. మరీ దగ్గరగా చూపించదు. అన్న దాన్ని నిమిరి, చూసేదానికి బాగుండదు గానీ దెబ్బలు తింటాదని మెచ్చుకున్నాడు. ఈసారి కబ్ద్ బాట మీద బాబా తానే జీపులో నా పక్కన కూర్చుని ఇంకా వేగంగా పొమ్మన్నాడు. తిరిగొచ్చి కాలిస్తే గుండు పాత రంధ్రం అంచునే తగిలింది. ఆయన ఇసుకలోనే నుదురు ఆనించి, కృతజ్ఞతగా శుక్రానా సజ్దా చేశాడు. ఆఫ్రికాలో ఒక్క గుండుకే దుప్పి నిలుచున్నచోటే కూలిందనీ, మాంసం పక్క పల్లెకు పంచారనీ తిరిగొచ్చాక పెద్దకొడుకే గొప్పగా చెప్పుకున్నాడు.

బాబా, మామా ఇద్దరూ ఇప్పుడు లేరు. అల్లాహ్ వాళ్ళ సమాధుల్ని వెలుగుతో నింపుగాక. ఏది కొన్నా ఒకసారి కబ్ద్ బాట మీద తిప్పి చూడమన్నాను మనవడితో. అవన్నీ ఎవరో పరీక్షించి ఫోనులో పెట్టేశారట. కావచ్చు. నా ఈడువాళ్ళకు తెలిసే ఉంటుంది, ఈమధ్య కారుకు చిన్న గీత పడినా, వస్తువు చేయిజారినా, పిల్లలందరూ ముందు మన కళ్ళద్దాల వంకే చూస్తారు. తప్పు ఒక్కోసారి మనదే అయి ఉంటుంది కూడా. కానీ ఆ మాట తేల్చేముందు, తాపీగా టీ పోస్తూ, యల్లా, నువ్వొకసారి కాల్చు చూద్దాం అనే మనిషి ఇప్పుడు ఏ ఇంట్లోనూ కనబడడం లేదు.