లీలమ్మ నడుముకు ఎంత శాతం

శాలిబండలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండే లీలమ్మ, పాతబస్తీలోని ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో ఇరవై రెండేళ్లు ఆయా పని చేసింది. మంచం మీది మనిషిని కుర్చీలోకి, కుర్చీలో నుంచి బాత్రూంకు, మళ్లీ మంచం మీదికి. తనకు రెండింతలు బరువున్న వాళ్లను కూడా ఒక్కతే లేపేది. దానికో పద్ధతి ఉంది. తన మోకాలు రోగి మోకాళ్ల మధ్య పెట్టాలి, చంకల కింద చేతులు వేయాలి, తన ఒంటి బరువుతో వెనక్కి వాలాలి. కొత్తగా చేరిన ఆయాలకు ఆమే నేర్పేది.

నలభై తొమ్మిదో ఏట నడుము పట్టేసింది. బామ్ రాసుకుంది, సూదులు వేయించుకుంది, బెల్టు కట్టుకుంది. స్కాన్ తీస్తే రెండు చోట్ల డిస్కు జారి నరాన్ని నొక్కుతోందని తేలింది. నర్సింగ్‌హోమ్ వాళ్లు రెండు నెలలు రెస్టు తీసుకొమ్మన్నారు. రెండు నెలలకు వెళ్లేసరికి ఆమె వార్డులో ఇంకో ఆవిడ దుప్పట్లు మారుస్తోంది. లీలమ్మ లొల్లి పెట్టుకోకుండా తిరిగొచ్చింది. ఇంట్లో పది నిమిషాలు నిలబడి కూరగాయలు కోసేది, అరగంట చాప మీద పడుకునేది, లేచి కూర పొయ్యి మీద పెట్టేది. భర్త సీమోను హుస్సేనీ ఆలంలో ఒక బడికి వాచ్‌మన్.

వికలాంగుల పింఛను మాట ఎత్తింది మీసేవ సెంటర్ బబ్లూ. కరెంటు బిల్లు కట్టడానికి వచ్చిన సీమోనుతో, "అంకుల్, ఆంటీకి సదరం క్యాంపుల స్లాట్ తీసుకోండ్రి. డాక్టర్లు చూసి వైకల్యం నలభై శాతం అని రాస్తే పింఛన్‌కు పెట్టుకోవచ్చు" అన్నాడు.

లీలమ్మకు ఇష్టం లేకపోయింది. "కాళ్లు చేతులు మంచిగనే ఉన్నయ్. అక్కడ నన్ను చూసి నవ్వుతరు."

"నవ్వితే నవ్వనీ. ఫికర్ చెయ్యకు" అన్నాడు సీమోను.

క్యాంపు రోజు సీమోనుకు సెలవు దొరకలేదు. లీలమ్మ షేర్ ఆటోలో ఒక్కతే ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లింది. వరండా నిండా జనం. కర్రలు, చక్రాల కుర్చీలు, తల్లుల ఒళ్లో పిల్లలు. తనొక్కతే ఏ లోటూ కనిపించకుండా నిలబడింది. కుర్చీ ఖాళీ అయినా కూర్చోలేదు.

ఆమె ముందు పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన చక్రాల కుర్చీలో ఉన్నాడు. పక్కన భార్య. ఆమె పేరు వాసవాంబ అని, ఉస్మాన్‌గంజ్‌లో వాళ్లకు పప్పుల దుకాణం ఉండేదని మాటల్లో తెలిసింది. వాళ్లను పిలిచే వేళకు పెద్దాయన కుర్చీలో నుంచి జారడం మొదలుపెట్టాడు. వాసవాంబ చొక్కా పట్టుకుని లాగుతోంది. చొక్కా పైకి వస్తోంది కానీ మనిషి రావడం లేదు.

"చెల్లె, జెర పట్టు!" అని ఆవిడ అరిచేలోపే లీలమ్మ కదిలింది. మోకాలు మోకాళ్ల మధ్య పెట్టింది. చేతులు చంకల కిందికి పోయాయి. పెద్దాయన మళ్లీ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అప్పుడు ఆమె నడుములో ఏదో పట్టేసింది. తలుపు దగ్గర నిలబడ్డ డాక్టర్ ఇదంతా చూశాడు.

లీలమ్మ వంతు వచ్చేసరికి ఆమె గోడ పట్టుకుని లోపలికి నడిచింది.

"ఇప్పుడే గదమ్మా ఆయన్ని లేపినవ్?"

"లేపిన సార్."

"మరి నడుము పనిచేస్తలేదని దరఖాస్తు ఎట్ల పెట్టినవ్?"

"లేపుడు నా పని సార్, ఇరవై రెండేండ్లు చేసిన. లేపినంక ఏమైతదో చూస్తున్నరు గదా."

డాక్టర్ మంచం చూపించాడు. మంచం ఎక్కడానికి నర్సు సాయం పట్టింది. కాలు పైకెత్తి చూశాడు, స్కాన్ ఫిల్మును కిటికీ వెలుగుకు పెట్టాడు. "నొప్పికి శాతం రాయరమ్మా, కదలికకే రాస్తరు. నరాల టెస్టు చేయించుకో. నరం దెబ్బతిన్నదని అండ్ల వస్తే మళ్లీ స్లాట్ తీస్కో" అన్నాడు.

కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. ముప్పై శాతం.

సీమోనుకు కోపం వచ్చింది. "నీ వంతు ముందట పెట్టుకొని గాయన్ని ఎందుకు ముట్టినవ్?"

"పడిపోతుండె గదా."

"ఆయన పెండ్లాం లేదా?"

"ఆమెకు లేపుడు రాదు."

సీమోను అన్నం తిని లేచాడు. చెయ్యి కడుక్కుంటూ, నరాల టెస్టుకు తనూ వస్తానన్నాడు.

ఆ టెస్టుకే నాలుగు నెలలు తిరిగారు. మిషన్ చెడిపోయిందని ఒకసారి, డాక్టర్ సెలవని ఒకసారి వెనక్కి పంపారు. చివరికి చేశారు. కాళ్లకు కరెంటు పెట్టినప్పుడు ఎడమకాలు ఎగిరిపడింది. కుడికాలు అంతంత మాత్రంగా కదిలింది. లీలమ్మకు భయం అప్పుడు వేసింది. అన్నాళ్లూ నొప్పి ఒక్కటే అనుకుంది. కాలు చల్లగా తనను వదిలిపోతోందని తెలియదు.

రెండో క్యాంపులో డాక్టర్లు వేరు. మడమల మీద నడవమన్నారు. కుడిపాదం ముందుభాగం నేల విడవలేదు. ఈసారి నలభై నాలుగు శాతం రాశారు. అది కూడా ఐదేళ్లకే, ఆ తర్వాత మళ్లీ చూపించుకోవాలి.

"పాసైనవ్ ఆంటీ!" అన్నాడు బబ్లూ, ప్రింటు తీసి ఇస్తూ. లీలమ్మ కాగితం చాలాసేపు చూసింది. తన ఒంట్లో సగానికి కాస్త తక్కువ పోయిందని అందులో ఉంది. సంతోషపడాలో ఏడవాలో తెలియక, మడత పెట్టకుండా జాగ్రత్తగా కవరులో పెట్టుకుంది.

పింఛను దరఖాస్తు పెట్టిన ఏడో నెలలో, ఒక మధ్యాహ్నం సీమోను ఫోన్‌కు పింఛను మంజూరైందని మెసేజ్ వచ్చింది. చాప మీదున్న భార్యకు రెండుసార్లు చదివి వినిపించాడు.

"మంచిది" అంది లీలమ్మ. పక్కకు తిరగబోయింది. ముందు మోకాళ్లు, తర్వాత తుంటి, ఆఖరున భుజం. తిరిగాక కళ్లు మూసుకుంది.