డ్యూటీ రోజు డబ్బాలు

పోషకాహార శాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తయిన ఏడాది, జూన్ మొదటి సోమవారం నాడు, సీతమ్మధారలోని ఒక గుండె వైద్యశాల పరిశోధన విభాగంలో క్షేత్ర సహాయకురాలిగా చేరాను. వైద్యశాల సీతమ్మధారలో ఉన్నా నా పని మాత్రం ఊరి చివర, ఉక్కు కర్మాగారం దగ్గరి కూర్మన్నపాలెంలో. జంక్షన్‌కి దగ్గరగా ఒక మందుల షాపు, దాని మేడ మీద మాకు రెండు గదులు. ఒకదాంట్లో రక్తపోటు చూసే బల్ల, బరువు తూచే యంత్రం. రెండోదాంట్లో ఫ్రిజ్, నా కుర్చీ, వరసగా పేర్చిన తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు. మూడేళ్లు పనిచేసి మానేశాను. ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. క్లినికల్ రీసెర్చ్ అంటే అసలు ఏం చేస్తారని విద్యార్థులు అడిగినప్పుడల్లా నాకు ఆ డబ్బాలే గుర్తొస్తాయి. అప్పటి డైరీలు దగ్గరున్నాయి కాబట్టి వరస తప్పకుండా చెప్పగలను.

మా అధ్యయనం ఉక్కు కర్మాగారంలో పనిచేసే, రక్తపోటు ఎక్కువున్న మగవాళ్ల గురించి. కంప్యూటర్ చీటీ తీసినట్టు వాళ్లని రెండు జట్లుగా విడదీస్తుంది. ఒక జట్టుకు ఉప్పు తగ్గించి వండుకోవడం, కూరగాయలూ పళ్లూ పెంచడం, రోజూ అరగంట చురుగ్గా నడవడం దగ్గరుండి నేర్పుతాం. రెండో జట్టుకు ఆస్పత్రిలో అందరికీ చెప్పే సలహాలే చెబుతాం. కొన్ని నెలల తర్వాత రెండు జట్లనూ పోల్చి చూస్తారు.

ఉప్పు ఎంత తింటున్నారని మనిషిని అడిగి లాభం లేదు. తినేవాళ్లకు వండేవాళ్ల చెయ్యి తెలియదు, వండేవాళ్లకు బయట తిన్నది తెలియదు. అందుకని మూత్రాన్ని పరీక్షిస్తారు. తిన్న ఉప్పులో ఎక్కువ భాగం ఒక రోజులో అలాగే బయటికి పోతుంది. పద్ధతి ఇది. పొద్దున లేవగానే మొదటిసారి వెళ్లింది పారబోసి, టైము రాసుకోవాలి. అక్కణ్ణుంచి మర్నాడు అదే టైము దాకా ప్రతిసారీ అయిదు లీటర్ల డబ్బాలోనే పోయాలి. ఒక్కసారి తప్పినా ఆ డబ్బా లెక్కకు పనికిరాదు.

ఇది మా నాన్న వయసు మగవాళ్లకు వివరించడం నా ఉద్యోగం. నేను కొత్తవాళ్లతో రెండు మాటలు మాట్లాడాలన్నా ముందు కాగితం మీద రాసుకునేదాన్ని. ఆ వివరణ కూడా అలాగే డైరీలో రాసుకుని బట్టీ పట్టాను. అందులో ‘మూత్రం’ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. ‘శాంపిల్’ అనేదాన్ని. డబ్బా తిరిగి తెచ్చినప్పుడు ఫారంలో ఒక గడి నింపాలి: ఒక్కసారైనా తప్పిపోయిందా, లేదా. నేను తల వంచుకుని, “ఏమీ మిస్ కాలేదు కదండీ?” అనేదాన్ని. వాళ్లు “లేదమ్మా” అనేవారు. ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టి కింద సంతకం చేసేదాన్ని.

రక్తపోటు గదిలో సీనియర్ నర్సు మేరీ రత్నం సిస్టర్. వచ్చినవాళ్లను అయిదు నిమిషాలు మాట్లాడనివ్వకుండా కూర్చోబెట్టి, మూడుసార్లు రక్తపోటు చూసి, చివరి రెండింటి సగటు రాసేవారు. నా గొంతు పక్క గదిలోకి వినపడేది కాదని ఆవిడ ఫిర్యాదు. “పెళ్లిచూపుల్లో కూచున్నట్టు మాట్లాడతావేంటమ్మాయ్, ఇది డబ్బాల వ్యాపారం” అనేవారు.

వచ్చేవాళ్లలో ఒకాయన్ని అప్పలనాయుడు గారు అని పిలుస్తాను. అసలు పేరు బయటపెట్టకూడదన్నది మా వృత్తి నియమం. పరవాడ వైపు ఊరు, యాభై దాటిన మనిషి. ఉక్కు కరిగించే విభాగంలో క్రేన్ నడిపేవారు. కరిగిన ఉక్కుతో నిండిన పెద్ద పాత్రను పైకప్పు కింద పట్టాల మీద నడిచే క్రేన్‌తో ఎత్తి, అవతలి చివరికి చేర్చాలి. ఆపరేటర్ పైన, నిచ్చెన ఎక్కి వెళ్లే గాజు క్యాబిన్‌లో కూర్చుంటాడు. అక్కడ తల తిరిగితే కింద మనుషులు మిగలరు. అందుకే వాళ్లకు రక్తపోటు పరీక్ష గట్టిగా ఉంటుంది. ఒక నెల మొదట్లో కర్మాగారం వైద్యాధికారి ఆయనకు గడువు పెట్టారు. నెలాఖరుకు రక్తపోటు దిగకపోతే క్రేన్ నుంచి తప్పించి కింద స్టోర్స్‌లో వేస్తారు.

“పైనుంచి సూత్తే కిందున్నోల్లంతా సీమల్లాగ ఉంతారమ్మా,” అన్నారు సిస్టర్ పట్టీ చుడుతుండగా. “వచ్చే నెల్నుంచి నానూ ఓ సీమనే.” మాట్లాడొద్దని సిస్టర్ కసిరారు. మూడుసార్లూ అంకె ఎక్కువే వచ్చింది.

ఆయన ఉప్పు తగ్గించే జట్టులో ఉన్నారు. లేబొరేటరీ కాగితం ప్రకారం ఆయన ఉప్పు చాలా తక్కువ. ఆయనదే కాదు, ఆ జట్టులో చాలామందిది తక్కువే. మా అధ్యయనానికి ప్రధాన పరిశోధకులైన డాక్టరుగారు ఆ కాగితాలు చూసి సంతోషించారు. అప్పలనాయుడు గారి విషయంలో మాత్రం, ఉప్పు ఇంత తగ్గినా రక్తపోటు దిగలేదంటే ఇప్పుడు వేసుకుంటున్నదానికి తోడు రెండో మందు మొదలుపెట్టక తప్పదన్నారు. ఆ సంగతి వచ్చే సోమవారం కర్మాగారం వైద్యాధికారికి ఉత్తరం రాస్తామన్నారు. కొత్త మందు మొదలుపెట్టినవాళ్లను కొన్నాళ్లపాటు ఎత్తు మీద పనికి పంపరు. ఉత్తరం వెళ్తే ఆయన క్రేన్ పోయినట్టే.

ఆ వారమే నేను ఫ్రిజ్ పక్కన డబ్బాలు సర్దుతూ ఒక సంగతి గమనించాను. ప్రతి డబ్బా మీద ఎంత మట్టానికి ఉందో పెన్నుతో గీత గీసి, ఆ రోజు ఏ షిఫ్టో చీటీ అంటిస్తాం. వీక్లీ ఆఫ్ అని ఉన్న డబ్బాల గీతలు పైకి ఉన్నాయి. డ్యూటీ రోజు డబ్బాల గీతలు సగానికే ఆగిపోయాయి. ఒకే మనిషి, రెండు రకాల డబ్బాలు. ఇంటికెళ్లి డైరీలో రెండు వరసలుగా రాసుకుని చూశాను. అందరివీ అలాగే ఉన్నాయి. ఫారాలన్నిటిలోనూ ‘లేదు’ అన్న టిక్కు ఉంది. కింద నా సంతకం ఉంది.

శనివారం అప్పలనాయుడు గారింటికి నా తనిఖీ ఉంది. ఉప్పు తగ్గించే జట్టువాళ్ల వంటిల్లు నెలకోసారి చూడాలి. ఆయన అప్పుడే పొద్దుటి ‘ఏ’ షిఫ్టు ముగించుకుని వచ్చి అన్నం తింటున్నారు. ఆయన భార్య వరహాలమ్మ గారు నూనె, ఉప్పు డబ్బాలు తెచ్చి నా ముందు పెట్టారు. అవి చూస్తున్నట్టు నటిస్తూ, మేమిచ్చిన డబ్బాను డ్యూటీకి ఎలా తీసుకెళ్తారని అడిగాను.

“డూటీకా?” అన్నారావిడ. “అదెక్కడికీ ఎల్లదమ్మా. బాత్రూంలోనే ఉంటాది. అంత డబ్బా ఒట్టుకుని గేటుకాడ నిలబడితే సెక్యూరిటీ వోల్లు ఊరుకుంతారా? మూత తియ్యమంతారు. అప్పుడీయన మొకం ఎక్కడెట్టుకుంతాడు?”

నేను ఆయన వైపు తిరిగి, ఏమీ తప్పిపోలేదని చెప్పారు కదా అన్నాను.

“ఏటి సెప్పమంతావమ్మా,” అన్నారాయన, ముద్ద చేతిలోనే ఉంచుకుని. “నువ్వు తల దించుకుని, ఏమీ మిస్ కానేదు కదండీ అంతన్నావు. ఆడపిల్ల అంత సిగ్గుపడతంటే, డూటీలో ఇన్ని మాట్లు పోయొచ్చానని నానెలా సెప్తాను? నేదమ్మా అన్నాను. మా సెక్షన్లో అందరం అలగే అన్నాం. పాపం ఆ పిల్లని ఇబ్బంది పెట్టకండ్రా అని అనుకున్నాం కూడాను.”

నాకు చెవులు వేడెక్కాయి. కానీ ఉత్తరం సోమవారం వెళ్తుంది. “డ్యూటీలో ఎన్నిసార్లు మూత్రానికి వెళ్తారు?” అని అడిగాను. ఆ మాట ఒక మగమనిషి ముందు అనడం అదే మొదటిసారి.

“అడిగేసింది,” అన్నారు వరహాలమ్మ గారు, భర్తకేసి చూస్తూ. “ఇప్పుడు సెప్పు.”

మూడుసార్లని చెప్పారాయన.

మా వృత్తిలో ఇలాంటి పొరపాటు బయటపడితే డీవియేషన్ ఫారం నింపాలి. ఏ నియమం తప్పింది, ఎవరి వల్ల, ఎలా సరిదిద్దుతారు అని మూడు ప్రశ్నలుంటాయి. రెండోదాని దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ‘పాల్గొన్నవారి వల్ల’ అని రాసినా ఎవరూ కాదనరు. ‘ప్రశ్న అడిగిన తీరు వల్ల’ అని రాసి, నా పేరు వేశాను. సోమవారం పొద్దున్నే సీతమ్మధార వెళ్లి డాక్టరుగారి చేతికిచ్చాను.

ఆయన రెండుసార్లు చదివారు. డ్యూటీ రోజువి తీసేస్తే ఎన్ని మిగులుతాయని అడిగారు. కొద్దిగానేనని చెప్పాను. “తక్కువ అంకె వస్తే ఎందుకొచ్చిందని నేనైనా అడగాల్సింది,” అన్నారు. ప్రతి డబ్బా నుంచీ కొంచెం తీసి ఫ్రిజ్‌లో దాచిన నమూనాల్లో క్రియాటినిన్ చూడమన్నారు. అది కండరాల నుంచి వచ్చే పదార్థం. ఒక మనిషికి రోజూ దాదాపు ఒకే కొలతలో బయటికి వస్తుంది కాబట్టి, బాగా తగ్గితే డబ్బా నిండలేదని తెలిసిపోతుంది. లేబొరేటరీతో మా ఒప్పందం ప్రకారం ఆ పరీక్ష చివరి విడతకే ఉంది. ముందే చేయించారు. డ్యూటీ రోజు డబ్బాల్లో దాదాపు అన్నీ సగం డబ్బాలేనని తేలింది. అప్పలనాయుడు గారి ఉత్తరం బల్ల సొరుగులోకి వెళ్లింది.

సరిదిద్దడం అంత కష్టం కాలేదు. లీటరు పట్టే, మూత బిగుసుకునే సీసా ఒకటి, అది పట్టే నల్ల సంచి ఒకటి ఇచ్చాం. గేటు దగ్గర అడ్డుపెట్టకుండా కర్మాగారం వైద్యాధికారి చేత చీటీ రాయించారు డాక్టరుగారు. మొదటిరోజు సంచి చూసి, “ఏటి బావా, రెండో కేరేజీ కూడా తెత్తన్నావు, మాకేటైనా ఎడతావా?” అని ఒకాయన అడిగాడట. “ఎడతాను గాని బావా, మూత నువ్వే తియ్యాల,” అన్నానని అప్పలనాయుడు గారు వచ్చి చెప్పారు. ఈసారి ఆ మాటకు సిస్టర్‌తో పాటు నేనూ నవ్వాను.

ఆయన మొదటి పూర్తి డబ్బా ఫలితం వచ్చింది. ఉప్పు చాలా ఎక్కువ. డాక్టరుగారు, మందు సంగతి తర్వాత, ముందు ఈ ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కోమన్నారు. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, డ్యూటీ రోజు నోట్లోకి పోయినదంతా గంట గంటకూ రాయించాను. ఆవకాయ మానేశారు. ఎండుచేప మానేశారు. కేరేజీలో అంతా చప్పిడి కూరే. మరి తాగేది?

“మజ్జిగ,” అన్నారాయన. కొలిమి దగ్గర పనిచేసేవాళ్లకు చెమటలో ఉప్పు పోతుందని కర్మాగారంలో ఉప్పు మజ్జిగ ఇస్తారు. ఆయన క్యాబిన్‌కి ఒక క్యాను పంపుతారు. షిఫ్టు ముగిసేలోపు అది ఖాళీ అవుతుంది. చేరిన కొత్తల్లో చొక్కా పిండుకునేంత చెమట పట్టేదని, అప్పటి నుంచీ అలవాటని అన్నారు.

ఇప్పుడూ అలాగే చెమట పడుతుందా అని అడిగాను.

ఆయన భార్యకేసి ఓసారి చూశారు. “ఏసీ ఎట్టారమ్మా క్యాబిన్‌కి,” అన్నారు. “మూడేల్లవుతంది.”

వరహాలమ్మ గారు లేచి నిలబడ్డారు. “ఏసీలో కూకుని క్యాను మజ్జిగ తాగుతన్నావా? నానిక్కడ ఉప్పు గల్లు లెక్కెట్టుకుని ఏత్తన్నాను. చప్పిడి కూడు తింతన్నానని ఊరంతా సెప్పుకున్నావు కదా, ఇదెందుకు సెప్పుకోనేదు?”

“అది మందనుకున్నానే,” అన్నారాయన.

కింద మంట దగ్గర నిలబడేవాళ్లు ఆ మజ్జిగ మానకూడదని, చెమటోడ్చేవాళ్లకు అది అవసరమేనని డాక్టరుగారు ప్రత్యేకంగా హెచ్చరించారు. మానాల్సింది ఏసీ గదిలో కూర్చునేవాళ్లే. అప్పలనాయుడు గారు ఇంటి నుంచి ఉప్పు వేయని మజ్జిగ తీసుకెళ్లడం మొదలుపెట్టారు. షిఫ్టు దిగాక కాలనీ చుట్టూ నడక ఎలాగూ సాగుతూనే ఉంది. సిస్టర్ పుస్తకంలో ఆయన అంకె మెల్లగా దిగింది. పూర్తిగా మామూలుకు రాలేదు. వైద్యాధికారి పెట్టిన గీతకు కొంచెం కిందికి వచ్చింది. నెలాఖరు పరీక్షలో ఆయనకు ఆరు నెలలకు ఫిట్ అని రాసిచ్చారు, ఆ తర్వాత మళ్లీ చూస్తామన్నారు. ఆ కాగితం మాకు చూపించడానికి మెట్లెక్కి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, మధ్యాహ్నపు ‘బీ’ షిఫ్టుకు టైమవుతోందని వెళ్లిపోయారు.

తర్వాత ఫారంలో ఆ ప్రశ్న మార్చాం. ‘ఎన్నిసార్లు పోయడం కుదరలేదు?’ అని రాసి, పక్కన అంకె వేయడానికి గడి పెట్టాం. కుదరకపోవడం మామూలే అన్నట్టు అడిగితే మనుషులు నిజం చెబుతారు. వాళ్లు నాకు అబద్ధం చెప్పాలనుకోలేదు. అబద్ధం తప్ప మర్యాదైన జవాబు లేని ప్రశ్న నేను అడిగాను. ఈ వృత్తిలో సిగ్గు స్వభావం మాత్రమే కాదు, కొలతలో చేరే దోషం కూడా. తూకం యంత్రాన్ని సరిచూసుకున్నట్టే దాన్నీ సరిచూసుకోవాలి.

పాత ఫారాలు మిగిలాయి. పరిశోధన కాగితాల్లో తప్పు దొర్లితే చెరపకూడదు, తెల్ల రంగు పూయకూడదు, కాగితం మార్చకూడదు. పాత జవాబు చదవడానికి వీలుండేలా దాని మీద ఒకే ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. డబ్బాలిచ్చిన ఒక్కొక్కరినీ పిలిచి మళ్లీ అడిగాను, ఈసారి మొహం చూసి. తప్పని తేలిన ప్రతి ‘లేదు’ మీదా గీత గీశాను. ఆ పనికి పది రోజులు పట్టింది.