చెయ్యి లేవొద్దన్న టీచర్

పోయిన నెల ఒక సోమవారం పొద్దున అయిజలో అంగన్‌వాడీ తలుపు తీస్తుంటే మా చెల్లె నాగర్‌కర్నూల్ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, టీచర్ పోయింది" అన్నది. పిల్లలను ఆయమ్మకు అప్పజెప్పి బస్సెక్కిన. గద్వాల, వనపర్తి దాటి పోతున్నంతసేపూ నా చెవుల్లో ఒకటే చప్పుడు. మా చెల్లె చెయ్యి విరిగిన చప్పుడు. టీచర్‌ను తలుచుకుంటే నాకు ముందు అదే గుర్తుకొస్తది. ఆ చెయ్యి విరగ్గొట్టింది నేనే.

మాది గట్టు దగ్గర ఒక చిన్న ఊరు. అమ్మానాయిన ఏడాదిలో ఎక్కువ నెలలు పుణెలో బిల్డింగుల పనికి పోయేటోళ్ళు. నేనూ చెల్లే అవ్వ దగ్గర ఉండేటోళ్ళం. అప్పుడు నాకు పదకొండేండ్లు, దానికి ఏడు. బడి లేని రోజు ఇద్దరం సీడు పత్తి చేన్లకు, పువ్వులకు పుప్పొడి అద్దే కూలికి పోయేటోళ్ళం. ఒకే సాలులో నిలబెడితే పువ్వుల మీద ఉండాల్సిన చేతులు ఒకరి జుట్టులో ఒకరివి ఉండేవి. అది నా సద్దిలో మన్ను పోసేది. నేను దాన్ని ఎడ్లబండి మీదికెల్లి తోసిన. ఒకసారి నేను నిద్రలో ఉంటే నా కంట్లో కారం పెట్టింది. ఆ కన్ను వారం రోజులు తెరుచుకోలేదు. తెరుచుకున్న రోజు పొద్దున్నే దాని చెవి కొరికిన. అవ్వ మమ్మల్ని విడదీయలేక ఇద్దరినీ కలిపి చీపురుతో కొట్టేది. మా వాకిట్లో అరుపులు వినబడితే పక్కింటోళ్ళు తల తిప్పి చూసుడు గూడ మానేసిన్రు.

ఆ రోజుల్లో వచ్చింది టీచర్. వనపర్తి మనిషి. గట్టులో బస్సు దిగి మా ఊరికి నడిచి వచ్చేది. వాన పడితే చెప్పులు చేతిలో పట్టుకొని, చీర కుచ్చిళ్ళు ఎత్తి చెక్కుకొని బురదలో దిగేది. పలక తుడిచే బట్టతోనే కళ్ళద్దాలు తుడుచుకునేది కాబట్టి ఆమె ముక్కు మీద ఎప్పుడూ సుద్ద ఉండేది. బడిలో బెత్తం ఉంటే దాన్ని బంతిచెట్టుకు ఊతంగా పాతింది. పిల్లలు కొట్టుకుంటే ఇద్దరినీ పిలిచి ఒకే బకెట్ చేతికిచ్చి బోరింగు దగ్గరికి పంపేది. ఇద్దరూ చెరో పక్క పట్టుకుంటేనే నీళ్ళు ఒలకకుండా వస్తయి. మేము ఒలకబోసుకుంటనే తెచ్చేటోళ్ళం.

మధ్యాహ్నం అన్నం తిన్నంక ఆమె కింద కూసొని ఒక నవల చదివేది. పిల్లల కోసం రాసింది, ఏదో దూరదేశం కథ, ఎవరో తెలుగులోకి మార్చిన్రు. అట్ట ఊడిపోయింది కాబట్టి దాని పేరు మాకు ఎన్నడూ తెలియలేదు. అందులో ఇద్దరు అక్కచెల్లెండ్లు. చెల్లె అక్క చెప్పులు పిండి డబ్బాలో దాచిపెడ్తది, అక్క దోస్తుల ముందు అక్క గుట్టు బయటపెడ్తది. ఒక పేజీలో ఆ అక్క, 'నాకు నా చెల్లెలంటే అసహ్యం' అని మనసులో అనుకుంటది. టీచర్ అది చదివిన రోజు నేను భయపడి చుట్టూ చూసిన. నా లోపలి మాట ఎవరో అచ్చేసిన్రు అనిపించింది.

ఆ పుస్తకం ఇంటికి ఇమ్మని అడిగిన. ఇచ్చింది. నేను పొయ్యికి కట్టెలు తెచ్చే లోపల మా చెల్లె అందులో పేజీలు చింపి, వాన నీళ్ళ గుంతలో పడవలు చేసి విడిచింది. నేను చూసేసరికి నవ్వుతుండె. మూలకున్న రోకలి అందుకున్న. మొదటి దెబ్బకే దాని కుడి చెయ్యి ఎండిన పత్తికట్టె లెక్క చప్పుడు చేసింది. అది కింద పడ్డది. పడ్డంక గూడ నేను ఆపలేదు. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా ఏండ్లు పట్టింది.

అవ్వ కేకలకు ఊరు కదలలేదు. బడి నుంచి టీచర్ ఉరికొచ్చింది. నా చేతిలో రోకలి గుంజి అవతల పారేసి, చెల్లె చెయ్యికి తన చెంగు చింపి కట్టింది. ఆటో మాట్లాడి, నన్ను గూడ ఎక్కించి, దాని తలను నా ఒళ్ళో పెట్టింది. గద్వాల దవాఖాన దాకా దాని నోట్లోంచి రక్తం నా లంగా మీద కారుతనే ఉన్నది.

"ఏం చేసినవ్?" అని అడిగింది టీచర్.

"పుస్తకం చింపింది. రోకలితో కొట్టిన."

"ఎన్ని దెబ్బలు?"

"తెల్వదు."

"తెల్వాలె. యాది చేసుకో."

కండ్లు మూసుకొని లెక్కబెట్టిన. "నాలుగు" అన్న.

"మొదటిది పుస్తకం చింపినందుకు. తక్కిన మూడు దేనికి?"

"నాకు అదంటే ఇష్టం లేదు టీచర్" అన్న.

"ఇష్టం లేకుంటే లేకపాయె. రోజంతా ఇష్టం ఉండాలని నీకు ఎవరు చెప్పిన్రు? చెయ్యి మాత్రం లేవొద్దు." కిటికీ లేని ఆటో బయటికి చూస్తూ అన్నది: "మా అక్కకు నేను గింతకంటె ఎక్కువ చేసిన. ఆమె బతికే ఉన్నది. నాతోని మంచిగనే మాట్లాడ్తది. గాని ఆ దినం నాకు పోతలేదు."

వారానికి నాయిన పుణె నుంచి వచ్చిండు. ఇల్లు గూడ చూడకుండ నేరుగా బడికొచ్చి, నన్ను జడ పట్టి బయటికి ఈడ్చి చింత బరిగెతో కొట్టుడు మొదలుపెట్టిండు. వీపు మీద జాకెట్టు చిరిగింది. టీచర్ మధ్యల నిలబడ్డది. ఒక దెబ్బ ఆమె భుజం మీద పడ్డది. నాయిన చెయ్యి ఆగిపోయింది.

"ఈ పిల్లకు కొట్టుడు ఎవరు నేర్పిన్రో ఇన్ని దినాలు నాకు తెల్వకుండె" అన్నది టీచర్. "పో అన్నా, ఇంటికి పోయి జర నీళ్ళు తాగు."

నాయిన బరిగె అక్కడనే వదిలి పోయిండు. ఆమె పోయి బోర్డు మీద మిగిలిన లెక్క పూర్తి చేసింది. అంకెలు వంకరగా వచ్చినయి.

ఆ తర్వాత మేం మారిపోయినమని రాస్తే అబద్ధమే. చెల్లె కుడి చేతికి పట్టీ ఉన్నన్ని దినాలు దానికి జడ వేసుడు, అన్నం కలిపి తినిపించుడు, అది చెప్పింది పలక మీద రాసుడు నా పని అన్నది టీచర్. తినిపిస్తుంటే అది నా వేళ్ళు కొరికేది. నేను జడ గట్టిగ గుంజేదాన్ని. 'నా కుటుంబం' అని రాయమంటే అది చెప్పింది: "మా అక్క దయ్యం. అది చస్తే నేను బొబ్బట్లు తింట." పండ్లు కొరుక్కుంటనే రాసిన. టీచర్ చదివి, "దయ్యంలో య కింద ఇంకో య పెట్టాలె" అని దిద్ది పలక తిరిగి ఇచ్చింది.

నవలలో చిరిగిపోయిన పేజీల దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చదువుడు ఆపి, "చింపినామె చెప్పాలె, ఇక్కడ ఏమైంది?" అన్నది. మా చెల్లె లేచి, అక్క బాయిలో పడ్డదని, మొసలి కాళ్ళ నుంచి తినుకుంట వచ్చిందని, నెత్తి మాత్రం రుచి లేక విడిచిపెట్టిందని చెప్పింది. పిల్లలందరూ నవ్విన్రు. మర్నాడు నా వంతు. ఆ చెల్లెను పాము కరిచిందని, కాలబెడితే కట్టెలు గూడ చాలలేదని చెప్పిన. టీచర్ మధ్యల మాట్లాడలేదు, మొకం చిట్లించలేదు. నేను అయిపోయింది అన్నంక అద్దాలు తుడుచుకొని, "ఇద్దరినీ చంపిన్రు. ఇంక ముప్పై పేజీలున్నయి. ఎట్ల లేపుతరో ఇద్దరూ కలిసి ఆలోచన చేసి రేపు చెప్పుండ్రి" అన్నది. ఆ సాయంత్రం మేమిద్దరం మొదటిసారి కొట్టుకోకుండా ఒక గంట మాట్లాడుకున్నం. మొసలి కడుపు కోసి తీయాలని అది, మంత్రం వేయాలని నేను. చివరికి మొసలి కడుపే కోసినం.

టీచర్ మా ఊరి నుంచి బదిలీ అయిపోయింది. నౌకరీ అయిపోయినంక నాగర్‌కర్నూల్‌లో అక్క దగ్గర ఉన్నది. మా చెల్లె అక్కడి దవాఖానలోనే నర్సు. వారానికోసారి బీపీ చూడడానికి ఇంటికి పోయేది. నేను ఫోన్ చేస్తే ఆమె మొదటి మాట "కొట్టుకున్నరా?" అనే. పోయినేడు ఒక మాట మీద మా చెల్లె నా మీదికి స్టీలు గ్లాసు విసిరింది. నా చెయ్యి లేచింది. దించిన. ఆ సంగతి చెప్తే ఆమె "మంచిది" అని ఫోన్ పెట్టేసింది.

నేను పోయేసరికి ఆమెను వాకిట్లో పీటల మీద పడుకోబెట్టిన్రు. స్నానం చేయించడానికి ఆడోళ్ళు చీర అడ్డం పట్టిన్రు. ఎనభై దగ్గర పడ్డ ఒక ముసలామె, అందరినీ పక్కకు జరగమని, చెంబు తన చేతిలోకి తీసుకున్నది. ఎడమ చెవి కింది నుంచి జాకెట్టు లోపలి దాకా ఆమె తోలు ముడతలు పడి, తెల్లగ అతుకులేసినట్టు ఉన్నది. ఆమె టీచర్ అక్క అని నాకు ఎవరూ చెప్పక్కరలేకపోయింది.

"రోకలి పట్టిన పిల్ల నువ్వేనా?" అన్నది నన్ను చూసి. "ఇద్దరూ రాండ్రి. భుజాలు పట్టుండ్రి."

నేనొక పక్క, చెల్లె ఒక పక్క పట్టుకున్నం. నీళ్ళు పోస్తూ ఆమె మామూలు గొంతుతోనే మాట్లాడింది.

"ఉడుకు గంజి పోసింది నా మీద. నాకప్పుడు పన్నెండు, దీనికి పది. బడి పిల్లలకు చెప్పింది, చుట్టాలకు చెప్పింది, నేను చేసిన పాపం అని ఊరంతా చెప్పుకున్నది. మీక్కూడ చెప్పి ఉంటది."

"చెప్పింది పెద్దమ్మా" అన్న.

"నేనేం చేసిన్నో చెప్పిందా?"

"లేదు" అన్న.

"చెప్పదు. ఆ దినం ముందుగాల నేనే దీని జుట్టు పట్టి నెత్తి రోలుకు కొట్టిన. రెండు సార్లు. రక్తం కారుకుంట లేచి పొయ్యి మీది గంజి అందుకున్నది. మా అమ్మ అడిగితే జారి పడ్డ అన్నది. నేను ఊకున్న. అరవై అయిదేండ్ల సంది ఊకనే ఉన్న." చెంబు కింద పెట్టింది. "నువ్వు రాస్తవంట గదా బిడ్డా. ఇది గూడ రాయి."

అని, తడిసిన టీచర్ తెల్లటి జుట్టును వేళ్ళతోని పాయలు పాయలుగ విడదీసుకుంట వెదికింది. నడినెత్తికి కొంచెం వెనుక, వెంట్రుక మొలవని గీత ఒకటి, వేలెడంత పొడుగు, కనబడ్డది. మాకు కనబడాలని టీచర్ తల జర పక్కకు వంచింది. ఆ తర్వాత బొటనవేలు దాని మీద పెట్టి, చీర అడ్డం పట్టినోళ్ళు చేతులు నొస్తున్నయని అన్నా, తీయకుండ అట్లనే కూసున్నది.